వాగు ముక్క

జూన్ 6

గాలి తప్ప ఏమీ లేదు. పొద్దున్న దామ్రిన్, నేను రెండు మందలనూ బావి ముక్కలోంచి ఎర్రమట్టి ముక్కలోకి మార్చాం. నేను వేసిన పథకం ప్రకారం ఇంకొన్నాళ్లు ఆగాలి. కానీ బావి ముక్కలో గడ్డి అప్పుడే నేలకు అంటుకుపోయింది. ఇంకా ఉంచితే వేళ్లతో సహా పీకి తింటాయి.

బావి, ఎర్రమట్టి, గుట్ట, వాగు. నా భూమీ బావమరిది దామ్రిన్ భూమీ కలిపితేనే నాలుగు ముక్కలయ్యాయి. విడివిడిగా ఉన్నప్పుడు గడ్డికి విశ్రాంతి ఇచ్చే చోటే ఉండేది కాదు ఇద్దరికీ. చలికాలమంతా దామ్రిన్ వెంటపడి ఒప్పించింది నేనే. ఒక ముక్కలో మేపుతుంటే మిగతావి తేరుకుంటాయి. వాగు ముక్కలో మాత్రం ఆగస్టు ఇరవై దాకా ఒక్క గొర్రె కూడా అడుగు పెట్టకూడదు. మంచు పడేలోపు గొర్రె ఒళ్లు చేయాలంటే ఆ గడ్డే దిక్కు. ఆ షరతు పెట్టింది కూడా నేనే.

సెర్మా పెద్దమ్మ కంచె అవతల నిలబడి చూసింది. ఆవిడ భూమి వాగు ముక్కను ఆనుకునే ఉంటుంది. డెబ్బై దాటినా తన చిన్న మందను తనే కాసుకుంటుంది.

"ఏరా సెచెన్, గడ్డికి సెలవులిచ్చావటగా? జీతం కూడా ఇస్తున్నావా?"

"నువ్వూ కలువు పెద్దమ్మా. నీ భూమితో ఐదు ముక్కలవుతాయి."

"కలుస్తా కలుస్తా. నా గొర్రెలకు చదువొచ్చాక కలుస్తా. ఏ రోజు ఏ ముక్కో అవి చదువుకోవాలిగా!"

దామ్రిన్ పడీ పడీ నవ్వాడు. నేనెప్పుడూ వాణ్ణి అలా నవ్వించలేకపోయాను.

జూన్ 11

వాన లేదు.

జూన్ 13

వాన కోసం ఊరంతా కొండెక్కి, దేవుడిగా మొక్కే ఓబో రాళ్ల కుప్ప చుట్టూ తిరిగాం. పాలు చల్లాం. మధ్యాహ్నానికి పడమట మబ్బు పట్టింది. మమ్మల్ని చూసి అటే వెళ్లిపోయింది. షిలింగోల్ జిల్లా అంతటా ఇదే ఎండ అని వార్తల్లో చెప్పారు.

పట్నం నుంచి నా భార్య ఉజిన్ ఫోన్ చేసింది. మా అమ్మాయి పరీక్షలు జూలైలో గానీ అయిపోవట, అందాకా ఇద్దరూ రారు. గడ్డి ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాను.

జూన్ 16

తెల్లచెవుల గొర్రెకు పాలు ఇంకిపోయాయి. దాని కవల పిల్లల్లో ఒకటి పొద్దున్న దొడ్డిలో చచ్చిపడి ఉంది. రెండోదానికి సీసాతో పట్టాను. దామ్రిన్ మందలో ఇంకా ఏదీ పోలేదు. వాడి గొర్రెలకేం, మొదటి నుంచీ ఒళ్లున్నవే.

ఎర్రమట్టి ముక్కలో గొర్రెలు మేయడం లేదు, నేలను నాకుతున్నాయి. గుట్ట ముక్కలోకి ఇప్పుడే మారిస్తే జూలైకి ఏమీ మిగలదు. పథకం పథకమే. నేనే తప్పితే దామ్రిన్ ముందు నోరెలా విప్పను?

జూన్ 18

నీరసపడ్డ గొర్రెలను తెల్లవారుతుండగా వాగు ముక్క మీదుగా నడిపించాను. ఎర్రమట్టికి అది దగ్గర దారి. దారిలో నాలుగు నోళ్లు మేశాయి, అంతే.

జూన్ 19

దగ్గర దారినే వెళ్లాను.

జూన్ 22

ఇవాళ వాగు ముక్క వైపు వెళ్లలేదు.

వెళ్లలేదని పైన రాశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి కోసం రాసినట్టు? వెళ్లాను. నీరసపడ్డవాటితో బాటు కొన్ని మంచివి కూడా వచ్చాయి. వాటిని వెనక్కి తోలలేదు.

జూన్ 28

ఇప్పుడు మంద మొత్తం వస్తోంది. దామ్రిన్ లేచి టీ తాగి దొడ్డి తీసేసరికి నా గొర్రెలు సగం కడుపు నింపుకుని ఎర్రమట్టిలో అమాయకంగా నిలబడి ఉంటాయి. వాడి ఇల్లు గుట్టకు అవతల. వాగు ముక్క వాడికి కనబడదు.

ఇవాళ నా మందను చూసి వాడన్నాడు, "ఏం పెడుతున్నావు బావా వీటికి? నావి చూడు, తుమ్మితే పడిపోయేలా ఉన్నాయి."

"ఉప్పు రాయి మార్చాను."

"ఏ ఉప్పు? నాకూ ఒకటి ఇవ్వు."

ఇచ్చాను. ఇంట్లో ఉన్న పాత ఉప్పు రాయే. రెండు చేతులతో అందుకుని బైకు వెనక కట్టుకుని వెళ్లాడు.

జూలై 3

దామ్రిన్‌కు తెలిసిపోయింది. కాదు. దామ్రిన్ చూశాడు, కానీ తెలియలేదు.

మధ్యాహ్నం బైకు మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. నీళ్ల మోటారు పనిచేస్తోందో లేదో చూద్దామని వాగు వైపు వెళ్లాడట.

"బావా, ఎవడో మన వాగు ముక్క నాకేశాడు! ఇటు చివర మొత్తం గీకేసినట్టుంది. ఎక్కడ చూసినా పచ్చి పెంటికలే. నువ్వు చూడలేదా?"

"అటు వెళ్లి చాలా రోజులైంది."

ఇద్దరం వెళ్లాం. నడుస్తూ నడుస్తూ వాడు ఒకచోట ఆగాడు. సెర్మా పెద్దమ్మ వైపు కంచెలో ఒక గుంజ ఒరిగిపోయి తీగ కిందికి సాగింది. దానికి ఉన్ని కుచ్చు ఒకటి చిక్కుకుని ఉంది. ఏ గాలికి ఎగిరొచ్చిందో. అవతల ఏటవాలులో ఆవిడ గొర్రెలు. ఆవిడ టోపీ ముఖం మీద వేసుకుని గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉంది.

దామ్రిన్ ఆవిడ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నా వైపు కాసేపు చూశాడు.

"ముసల్దాని పనేనంటావా?" అన్నాడు.

"కావచ్చు" అన్నాను.

జూలై 4

రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను.

దామ్రిన్, నేను పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. టీ పోసింది, అందులో వేయించిన జొన్నలు వేసింది. దామ్రిన్ గిన్నె ముట్టలేదు.

"పెద్దమ్మా, నీ గొర్రెలు మా వాగు ముక్కలో మేస్తున్నాయి."

"నా గొర్రెలా? ఒరేయ్, అవి నాకంటే ముసలివి. కంచె దూకే వయసు ఎప్పుడో దాటిపోయింది వాటికి."

"నవ్వులాట కాదు. నిన్న నువ్వు గుర్రు పెట్టి నిద్రపోతుంటే మేమిద్దరం చూశాం."

"నిద్రపోతే? నిద్రపోవడం కూడా మీ పథకంలో తప్పేనా?"

"ఈ ఎండలో ఆ గడ్డే మాకు చలికాలం! అది పోతే మా గొర్రెలు మంచులో చస్తాయి. నీకు కాయడం చేతకాకపోతే ఎవరికైనా అప్పగించు. చూసుకోలేని మందను పెట్టుకుని మా కడుపు కొట్టకు!"

దామ్రిన్ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. పెద్దమ్మ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అలాగే నా వైపు తిరిగింది.

"సెచెన్, నువ్వు చెప్పరా. తెల్లారేసరికి అటు వైపే తిరుగుతుంటావుగా. నా గొర్రెలు కంచె దాటడం చూశావా నువ్వు?"

లేదు అనాలి. ఒక్క మాట. లేదు అంటే దామ్రిన్ మరి ఎవరివి అంటాడు. నా చేతిలో టీ గిన్నె ఉంది.

"ఒకసారి చూసినట్టే ఉంది పెద్దమ్మా."

అప్పుడు పోయింది ఆ నవ్వు. తన చేతుల వైపు చూసుకుంది, తిప్పి మళ్లీ చూసుకుంది.

"అయితే నిజమే కాబోలు" అంది. "నువ్వు చూశావంటే నిజమే."

జూలై 5

ఒకసారి చూసినట్టే ఉంది.

జూలై 6

చూశానని కాదు నేనన్నది. చూసినట్టు ఉందని. రెండూ ఒకటి కాదు.

ఒకటే.

జూలై 9

మందలను గుట్ట ముక్కలోకి మార్చాం. వాగు ముక్క వైపు నేను వెళ్లడం లేదు. నిజంగానే వెళ్లడం లేదు.

పెద్దమ్మ వచ్చింది. తెల్లగుడ్డలో ఎండబెట్టిన పెరుగు గడ్డలు కట్టి తెచ్చింది. గుమ్మంలోనే నిలబడి రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది. పెద్దవాళ్లకు మేం ఇస్తాం అలా. పెద్దమ్మ నాకివ్వడమేమిటి!

"తప్పయిపోయింది నాయనా. గుంజ సరిచేయించాను. దామ్రిన్ వాళ్లింటికి కూడా వెళ్లొచ్చాను. మా అమ్మాయి అల్తాకు మాత్రం చెప్పకు. తెలిస్తే పట్నం తీసుకుపోతానంటుంది."

"కూర్చో పెద్దమ్మా."

"కూర్చోను. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. ఇప్పుడు రోజంతా నిలబడే కాస్తున్నా." కాస్త ఆగి అడిగింది, "నువ్వు చూసిన రోజు నేను మెలకువగా ఉన్నానా, నిద్రలో ఉన్నానా? మెలకువగా ఉండి కూడా నాకు తెలియలేదంటే మరీ భయమేస్తుందిరా. అందుకని అడుగుతున్నా."

"నిద్రలోనే ఉన్నావు."

"అదే మేలు" అంది. కర్ర పట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది.

ఓదార్పుగా ఉంటుందని చెప్పాను ఆ అబద్ధం. ఓదార్పుగానే ఉంది ఆవిడకు. ఆ పెరుగు గడ్డలు అటక మీద పెట్టాను. తినలేను, పారేయలేను.

జూలై 15

ఉజిన్, అమ్మాయి వచ్చారు. ఉజిన్ దొడ్డి చుట్టూ తిరిగి, "మన గొర్రెలు నున్నగా ఉన్నాయే! దామ్రిన్‌వి డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి" అంది.

పెద్దమ్మ సంగతి దామ్రిన్ చెప్పాడట. "పాపం" అంది. "ఆవిడ ఇంత మెతకగా ఎప్పుడైందసలు? దారిలో కనబడితే పలకరించాను. ఒక్క వెటకారం కూడా ఆడలేదు."

జూలై 19

పెద్దమ్మ ఇంటి గేటు వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వెళ్లి వేసిందో లేదో చూసుకుంది. మళ్లీ నడిచి మళ్లీ వెళ్లింది. నేను దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం బావి దగ్గర కలిసింది. "నిన్న నీతో మాట్లాడానా నేను?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా."

"మాట్లాడినట్టు గుర్తు. చూశావా మరి!"

నిన్న మాట్లాడింది. ఎండ గురించి ఏదో అంది. నేనెందుకు లేదన్నానో తెలియదు. ఆవిడ దగ్గర నా నోటికి అబద్ధమే ముందొస్తోంది. ఇది దొంగతనం కంటే నీచం. దొంగతనానికి కనీసం ఆకలి అని పేరు పెట్టుకున్నాను.

జూలై 25

పెద్దమ్మ వెళ్లిపోయింది.

తనే కూతురికి ఫోన్ చేసి రమ్మందట. అల్తా కారులో వచ్చింది. పట్నంలో కుట్టుపని చేసుకునే మనిషి. రోజు పోతే పని పోతుందని తొందరలో ఉంది. దామ్రిన్‌నీ నన్నూ పిలిపించారు.

పెద్దమ్మ అంది, "నా మందను మీ మందల్లో కలుపుకోండి. నా భూమి కూడా మీ లెక్కలో వేసుకోండి. సెచెన్ మొదట్లోనే అడిగాడు. అప్పుడు నేనే ఎగతాళి చేశాను."

అల్తా నా చెయ్యి పట్టుకుంది. "అన్నా, ఎంత సాయం చేస్తున్నావో! అమ్మ ఏ పొయ్యో ఆర్పకుండా వదిలేస్తుందని నాకు రోజూ గుండెదడే."

దామ్రిన్ ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ కారెక్కేముందు మంద మధ్యకు వెళ్లి ఒక్కో గొర్రె వీపు మీదా చెయ్యి వేసింది. నల్లమొహం గొర్రెను మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే వెళ్లలేననుకుందేమో. రేకు తొట్టిలో నీళ్లు తాగదది, దానికి విడిగా బొక్కెనలో పెట్టమని చెప్పింది. చెప్పి, "ఈ మాట ఇందాక చెప్పానా?" అని అడిగింది.

కారు కనుమరుగయ్యాక కూడా ఆ గొర్రె గేటు దగ్గరే నిలబడింది.

జూలై 26

ఐదు ముక్కలు. పెద్దమ్మ భూమిలో గడ్డి మోకాలి దాకా ఉంది. చిన్న మంద, మేసింది తక్కువ. మూడు మందలనూ అందులోకి వదిలాం. ఉజిన్ అంది, "ఈ మేత రాకపోతే ఆగస్టులో సగం గొర్రెలను అమ్ముకోవలసి వచ్చేది."

ఔను.

ఆగస్టు 1

వాన! మూడు రోజులు ఆగకుండా పడింది. వాగు ముక్కలో నా గొర్రెలు గీకేసిన చోట కూడా పచ్చటి మొలకలు. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టి ఉంటే. అంతే. ఇంకొన్నాళ్లు.

ఆగస్టు 5

ఊరి పెద్ద పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంత ఎండలో మా గొర్రెలు బతికి బట్టకట్టాయని చుట్టుపక్కల మాట పాకిందట. పథకం చెప్పమన్నారు. చెప్పాను. ఏ ముక్క ఎప్పుడు మేపాలి, ఎప్పుడు వదిలేయాలి, గడ్డి ఎంత ఎత్తు మిగలగానే మందను తీసేయాలి.

"అన్నిటికంటే కష్టం ఏమిటి?" అని ఒకతను అడిగాడు.

"విశ్రాంతిలో ఉన్న ముక్కలోకి వెళ్లకుండా ఆగడం" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. ఫొటోలో నా వెనకాల నల్లమొహం గొర్రె కూడా పడింది.

ఆగస్టు 8

ఉజిన్‌కు తెలిసింది. నేను చెప్పలేదు, గొర్రెలు చెప్పాయి.

కాలు బెణికి పొద్దున్న పడుకునే ఉన్నాను. ఉజిన్ చీకటి విచ్చకముందే వెళ్లి దొడ్డి తీసింది. మంద పెద్దమ్మ భూమి వైపు తిరగలేదట. ఎవరూ అదిలించకుండానే, వరసగా, తెల్లచెవులది ముందు నడుస్తుండగా, తిన్నగా వాగు ముక్క గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాయట. తీస్తారని ఎదురుచూస్తూ.

ఉజిన్ వచ్చి మంచం పక్కన కూర్చుంది. టీ పొయ్యలేదు.

"ఎన్నాళ్లు?" అంది.

చెప్పాను. మొదటి రోజు నుంచి చెప్పాను. ‘చూసినట్టే ఉంది’ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు. ఆ మాట మళ్లీ చెప్పించింది.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. అటక మీద నుంచి పెద్దమ్మ ఇచ్చిన మూట దించి నా ఒళ్లో పెట్టింది.

"ఇది నువ్వెందుకు తినలేదో ఇప్పుడు తెలిసింది. నేను ఎవరికీ చెప్పను సెచెన్. చెబితే నీ పని నేను చేసినట్టవుతుంది. కానీ ఆవిడ అక్కడ తన బుర్ర చెడిపోయిందనుకుంటూ కూర్చున్నంతకాలం, ఈ ఇంట్లో నీ పక్కన నేను భోంచేయలేను."

ఆగస్టు 10

పట్నం వెళ్లాను. అల్తా ఇల్లు నాలుగో అంతస్తు. పెద్దమ్మ కిటికీ దగ్గర చిన్న పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి ముట్టుకోకూడదని గుర్తుగా దాని మీటకు ఎర్రదారం కట్టి ఉంది. కిటికీ అరుగు మీద మందుబిళ్లలు.

"తిన్నావా?" అంది నన్ను చూసి. తర్వాత భయంగా, "ఇది అడిగానా ఇందాక?"

"ఇప్పుడే వచ్చాను పెద్దమ్మా. అడగలేదు."

అల్తా పక్కగదిలో మిషను కుడుతోంది. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు.

"వాగు ముక్కలో మేసింది నా గొర్రెలు" అన్నాను.

"ఏ రోజు?"

"అన్ని రోజులూ."

"మరి నావి?"

"ఒక్కటి కూడా రాలేదు."

"నువ్వు చూశానన్నావే!"

"చూడలేదు. దామ్రిన్‌కు దొరికిపోతానని అబద్ధం ఆడాను. బావి దగ్గర ఆ రోజు అడిగావే, నిన్న మాట్లాడానా అని. మాట్లాడావు. అదీ అబద్ధమే చెప్పాను."

కింద వీధిలో ఉల్లిపాయల బండివాడు అరుస్తూ పోయాడు. ఆవిడ కిటికీ రెక్క దగ్గరికి వేసింది.

"నేను నిద్రపోయిన మాట నిజమేగా?"

"నిజమే. కానీ నీ గొర్రెలు ఎక్కడికీ పోలేదు."

"ఎందుకు పోతాయి? పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మధ్యాహ్నం పూట కునుకు తీస్తూనే ఉన్నా. నా చుట్టూనే తిరుగుతాయవి." లేచి నిలబడింది. నా ముందుకొచ్చింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆవిడ అరుగు మీది మందుబిళ్లలు తీసి నా అరచేతిలో పోసి గుప్పిట మూసింది.

"ఇవి నువ్వు మింగు. మతి పోయింది నీకు, నాకు కాదు."

తర్వాత ఒక్కసారిగా కేక వేసింది, "అల్తా! నా బూట్లెక్కడ దాచావే!"

అల్తా పరుగున వచ్చింది. సంగతి విని నా ముఖం మీద ఏమేమి అందో రాయను. అన్నీ సరైన మాటలే.

తిరుగు దారిలో పెద్దమ్మ నా పక్కనే కూర్చుంది. ఇళ్లు అయిపోయి గడ్డినేల మొదలయ్యాక ఏడ్చింది. నా వైపు చూడకుండా అంది, "టీలో ఉప్పు వేసి, వేశానో లేదో తెలియక పారబోసేదాన్ని. మళ్లీ కాచేదాన్ని. నా చెయ్యి చేసింది నేనే నమ్మలేదురా. గడ్డి కోసమా? నన్నడిగితే నా భూమిలో మేపుకోమనేదాన్ని కదరా."

అడగడం. అది నాకు తట్టనే లేదు. సిగ్గు అనిపించి ఉంటుంది. ఆ సిగ్గేదో ఎక్కడ పడాలో అక్కడ పడలేదు.

ఆగస్టు 11

దామ్రిన్ ఇంటి ముందు, వాడి భార్య, ఉజిన్, పెద్దమ్మ అందరూ ఉండగా చెప్పాను. నిలబడి చెప్పమంది పెద్దమ్మ. నిలబడే చెప్పాను.

 అప్పుడు దామ్రిన్ అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది బావా. కంచె దగ్గర నిలబడినప్పుడే. మా అక్క మొగుణ్ణి, నన్ను చెయ్యి పట్టుకుని నడిపించినవాణ్ణి అనుమానిస్తున్నానే అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యమంతా ఈవిడ మీద కక్కాను. లేకపోతే అంతలా అరిచేవాణ్ణా నేను?"

వాడు వెళ్లి పెద్దమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. ఆవిడ వాడి జుట్టు పట్టుకుని ఊపి, "లే, నీ వంతు అయిపోయింది" అంది.

నన్ను అనలేదు ఆ మాట.

ఆగస్టు 14

నా భూమి నాకు విడగొట్టి కంచె వేసేద్దామన్నాడు దామ్రిన్. న్యాయమే. ఆ భూమి ఒక్కదాని మీదే నా మంద చలికాలం దాటదు. సగం అమ్ముకోవాలి.  తమ్ముడి ముందు ఉజిన్ ఏమంటుంది?

పెద్దమ్మే అడ్డు పడింది. "వీణ్ణి బయటికి తోశావనుకో, మళ్లీ తెల్లారకముందే వస్తాడు. లోపలే ఉండనీ, కళ్లముందు. కానీ వరస మారుద్దాం. ఏ ముక్కలోకైనా ముందు నా మంద. అది మేసి బయటికొచ్చాక దామ్రిన్‌ది. చివర వీడిది. మేం వదిలింది మేస్తుంది. గడ్డికీ నష్టం లేదు, వీడికీ ఆకలంటే తెలుస్తుంది."

"ఎన్నాళ్లు?" అని దామ్రిన్ అడిగాడు.

"నాకు గుర్తున్నన్నాళ్లు" అంది పెద్దమ్మ. "నా జ్ఞాపకశక్తికేం, భేషుగ్గా ఉంది!"

ఉజిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. రాత్రి నా పక్కన కూర్చుని తింది. మాట్లాడలేదు, కానీ తింది.

ఆగస్టు 20

వాగు ముక్క తెరిచాం. పెద్దమ్మ మంద లోపల. నా మంద దారి పక్కన, తీగకు మూతులు ఆనించి. వాటి తప్పేమీ లేదు. తెల్లచెవులది నా వైపు తిరిగి అరుస్తూనే ఉంది.

ఆ దారి పట్నం పోయే దారి. బండ్లు ఆగుతాయి. ఫొటో తీసుకున్న ఊరివాళ్లలో ఒకతను ఆగి అడిగాడు, "సెచెన్, లోపల అంత మేత ఉంటే నీ మంద బయట ఎందుకుంది?"

నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి పెద్దమ్మ కేకేసింది, "వాణ్ణే అడుగు, చెప్తాడు! బాగా చెప్తాడు, చప్పట్లు కూడా కొట్టారుగా మీరు!"

చెప్పాను. అతను వింటూ వింటూ చూపు పక్కకు తిప్పుకున్నాడు. మిగతాది విని వెళ్లాడో, వినకుండానే వెళ్లాడో తెలియదు.

ఆగస్టు 21

ఒకరు అడిగారు. చెప్పాను. తొందరగా చెప్పేశాను. ‘ఎండ వల్ల’ అని మొదలుపెట్టాను. పెద్దమ్మ వినలేదు. నేను విన్నాను.

ఆగస్టు 23

ఇవాళ ఇద్దరు ఆగి అడిగారు. ఎండ ఊసెత్తకుండా చెప్పాను. పెద్దమ్మ దూరంగా అవతలి గట్టున ఉంది, మా మాటలు ఆవిడకు వినబడవు.

సాయంత్రం ఉప్పు బండి వచ్చింది. ఈ ప్రాంతానికి కొత్త మనిషి. నా మందనూ కంచెనూ ఒకసారి చూసి, ఏమీ అడగకుండా ముందుకు పోనిచ్చాడు. పరిగెత్తి బండి ఆపి చెప్పాను.